మెట్లు కడిగే వంతు

ఆగస్టు వచ్చిందంటే నెట్టా లోరిమర్‌కి ఒళ్లు మండుకొస్తుంది. నాటకాల పండగ పేరు చెప్పి లోకమంతా ఎడిన్‌బరో మీద వచ్చి పడే నెల అది. సందుకో నాటకం, గొందికో గారడీ. చర్చిలో నాటకం, చేపల కొట్టు వెనక గదిలో నాటకం, ఆగిపోయిన బస్సులో నాటకం. ఓ ఏడు ఎవడో మరుగుదొడ్డిలో కూడా నాటకం వేశాడని పాలు కొనే చోట విన్నది.

"వాడు వేశాడు సరే, టికెట్టు కొనుక్కుని చూసిన వెధవలెవరయ్యా?" అని కొట్టతన్ని అడిగింది.

"రోజూ హాలు నిండిపోతోందట మిసెస్ లోరిమర్" అన్నాడతను నవ్వుతూ.

"థూ!" అని పాలసీసా సంచిలో పడేసుకుని వచ్చేసింది. ఆ పూట పొయ్యి మీద ఉడికించిన కీమా, బంగాళాదుంపలు ముట్టుకోలేకపోయింది పాపం.

ఆవిడ ఉండేది హై స్ట్రీట్ నుంచి కిందికి దిగే ఓ ఇరుకు సందులో, నల్లబడిన రాతి మేడలో, పై అంతస్తున. ఆర్చీ లోరిమర్‌ని కట్టుకుని ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు ఆవిడకి పందొమ్మిదేళ్లు. ఆర్చీ బీరు కాచే చోట పీపాలు దొర్లించేవాడు. ఆవిడ ఆసుపత్రి చాకిరేవులో దుప్పట్లు ఉతికేది. ఆర్చీ పోయాడు, బీరు కాచే చోటూ మూతపడింది, ఆవిడ మాత్రం ఆ పై అంతస్తు వదల్లేదు. ఊళ్లోవాళ్ల రోగాలన్నీ ఆ దుప్పట్ల మీద చూసిన మనిషి. ఒక్కనాడైనా ముక్కు మూసుకుని ఎరగదు. రోగం వచ్చినవాడు ఏం చేస్తాడు, ఒళ్లు స్వాధీనంలో లేకపోయె అనేది. బుద్ధీ ఒళ్లూ రెండూ సవ్యంగా ఉండి, పరాయి మేడ మెట్ల మీద కక్కేసి, పక్కనే నించుని ఫోటో దిగేవాళ్లని చూస్తేనే ఆవిడకి రోత పుట్టేది.

అలాంటివాళ్లకి ఆగస్టులో కొదవ ఉండదు. పొద్దున్నే కిందికి దిగితే గుమ్మం పక్కన ఉచ్చ వాసన గుప్పుమంటుంది. వానకి తడిసిన కరపత్రాలు చెప్పులకి అంటుకుని ఇంట్లోకి వస్తాయి. హై స్ట్రీట్ మీద ఒంటి చక్రం బండెక్కి కత్తులు ఎగరేసేవాడొకడు, ఒళ్లంతా వెండి రంగు పూసుకుని బొమ్మలా నించునేవాడొకడు, వీళ్లకి తోడు పొద్దుగూకేదాకా చంకలో తిత్తి నొక్కుతూ కీచుమని ఊదే బాగ్‌పైపులు. బాగ్‌పైపంటే ఆవిడకి పడదని కాదు. ఆర్చీ శవపేటిక ముందు వాయించినప్పుడు ఏడ్చింది. ఇప్పుడు అదే పాట టోపీలో చిల్లర కోసం రోజుకి నలభైసార్లు వాయిస్తుంటే వాణ్ణి గొట్టంతో సహా మడిచి పెట్టెలో పెట్టాలనిపించేది.

దయ్యాల కథలు చెప్పుకుంటూ జనాన్ని తిప్పేవాళ్లు మరో తెగ. నల్లకోటు తొడుక్కున్న ఒక పొడుగాటివాడు రోజూ సాయంత్రం ఓ గుంపుని తెచ్చి సరిగ్గా ఆవిడ కిటికీ కింద నిలబెట్టేవాడు. "ఆ పై అంతస్తులో ఒక చాకలి ముసలమ్మ ప్రేతం తిరుగుతోంది" అని గొంతు తగ్గించి చెప్పేవాడు. ఒకరోజు నెట్టా తల బయటికి పెట్టి, "నేనేరా ఆ ప్రేతాన్ని! ఇంకా చావలేదు! పొండి ఇక్కణ్ణించి, అడ్డగాడిదల్లారా!" అని అరిచింది. గుంపంతా కేరింతలు కొట్టి చప్పట్లు చరిచింది. ఆ పొడుగాటివాడు టోపీ తీసి ఆవిడకో వంగుడు వంగాడు. మర్నాటి నుంచి కావాలని ఆవిడ తల బయటికి పెట్టేదాకా ఆగడం మొదలెట్టాడు. నెట్టా ఇక ఆ కిటికీ తియ్యలేదు.

సరే, ఊరెలా తగలడ్డా మేడలో మెట్లు మాత్రం శుభ్రంగా ఉండాలి. ఆ పాత మేడల్లో అదొక కట్టు. మెట్లు అందరివీ గనక కడిగే వంతూ అందరిదీ. 'ఈ వారం మెట్లు కడిగే వంతు మీది' అని రాసిన అట్టముక్క ఒకటి, తాడు కట్టి, ఇంటింటి తలుపు పిడికీ మారుతూ ఉంటుంది. అది మీ తలుపుకి వేలాడితే శనివారం పొద్దున్న బకెట్టు, చీపురు పట్టుకుని మీ అంతస్తు నుంచి వీధి గుమ్మం దాకా కడిగి, అట్టని పక్కింటి పిడికి తగిలించాలి. కడగలేదని ఎవరూ తలుపు తట్టి అడగరు. అడిగితే 'నువ్వు మురికిదానివి' అని మొహం మీద అన్నట్టే. ఒకరి వంతు ఇంకొకరు కడిగితే ఇంకా తప్పు. అది మేడమేడంతా చూస్తుండగా చెంప మీద కొట్టినంత పని. కాబట్టి అట్ట అక్కడే వేలాడుతుంది, అందరూ చూస్తూ దాటిపోతారు, ఆ ఇంటిదానికి తల కొట్టేసినట్టవుతుంది, కడుగుతుంది. దశాబ్దాలు అలాగే జరిగింది.

అప్పట్లో ఎనిమిది కాపురాలు. ఇప్పుడు మిగిలినవి రెండే. తక్కిన ఆరిళ్లకీ తాళంచెవులు పెట్టుకునే చిన్న డబ్బాలు గోడకి బిగించి, వారానికో గుంపుని అద్దెకి దింపుతున్నారు యజమానులు. వాళ్లకి వంతేమిటో, అట్టేమిటో! ఒకసారి ఆ అట్టని కొత్తగా దిగిన పిల్ల పిడికి తగిలిస్తే, ఊరి గుర్తుగా బావుందని పెట్టెలో పెట్టుకుని పోయింది. నెట్టా కొత్తది రాసుకుంది. అప్పణ్ణించి అట్ట రెండు తలుపుల మధ్యే తిరుగుతోంది. పై అంతస్తున నెట్టా, రెండో అంతస్తున ఈసా పెటిగ్రూ.

ఈసా పెటిగ్రూది నెట్టా కన్నా ఏడెనిమిదేళ్లు పెద్ద వయసు. ట్రాములో టికెట్లు కొట్టినాయన భార్య, పిల్లల్లేరు. యాభై ఏళ్లకి పైగా ఒకే మెట్లెక్కి దిగినా వీళ్లిద్దరూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుని ఎరగరు. మిసెస్ లోరిమర్, మిసెస్ పెటిగ్రూ, అంతే. ఆ మేడల్లో మర్యాద అది. అలాగని నోళ్లు ఊరుకునేవా? ఊహూఁ.

"ఏమండీ మిసెస్ పెటిగ్రూ, నిన్న మెట్లు కడిగారా, మెట్లకి ముద్దు పెట్టారా? మూలల్లో మట్టి అలాగే ఉంది" అని ఈవిడ అంటే,

"మీ కళ్లద్దాలు కడుక్కోండి మిసెస్ లోరిమర్, మట్టి అక్కడుంది" అని ఆవిడ.

అన్నాక ఈసా తను చేసిన పంచదార పాకం బిళ్లలు కాగితంలో చుట్టి ఈవిడకిచ్చేది. ఒకరి తాళంచెవి ఒకరింట్లో మేకుకి వేలాడేది, ఎందుకైనా మంచిదని. వాడే అవసరం ఎప్పుడూ రాలేదు.

ఆ ఏడు జూన్‌లో ఈసా మోకాళ్లు వాచాయి. శనివారం ఆవిడ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగడం చూసి నెట్టా మనసు ఊరుకోలేదు. ఆవిడ రొట్టె కోసం బజారుకి వెళ్లిన సమయం చూసి మెట్లన్నీ కడిగేసి అట్ట తన తలుపుకి తగిలించుకుంది. ఈసా తిరిగొచ్చి తడి మెట్లు చూసి, ఆయాసపడుతూ పై అంతస్తు దాకా ఎక్కొచ్చి తలుపు బాదింది.

"నేను చచ్చాననుకున్నారా మిసెస్ లోరిమర్?"

"అయ్యో, అదేం మాటండీ! మోకాళ్లు వాచాయని..."

"వాచింది నా మోకాళ్లు. మీ మోకాళ్లు కాదు. నా వంతు నేను కడగలేని రోజు నేనే చెప్తాను, లేదా నన్ను మోసుకెళ్లేవాళ్లు చెప్తారు. అందాకా నా బకెట్టు జోలికి రావద్దు."

"రానులెండి! మళ్లీ వస్తే నన్ను అడగండి!" అని నెట్టా కూడా తలుపు వేసేసుకుంది. ఆ తర్వాత పలకరింపులు తగ్గాయి. పాకం బిళ్లలు రాలేదు.

అలా ఉండగా ఆగస్టు దిగింది. రెండో అంతస్తులో ఈసాకి ఎదురింట్లో ఒక నాటక బృందం దిగింది. లండన్ నుంచి వచ్చారు. వాళ్ల నాయకుడు ట్రిస్ట్రమ్ అని, ఆగస్టులో కూడా మెడకి శాలువా చుట్టుకునే కుర్రాడు. వీళ్ల నాటకం హాల్లో కాదు, ఆ ఇంట్లోనే. పాతకాలంలో మహమ్మారి వచ్చినప్పుడు ఒక పిల్లని ఇంట్లో పెట్టి తలుపుకి గోడ కట్టేశారట. ఆ పిల్ల లోపల్నుంచి తలుపు బాదుతూ, తియ్యండి తియ్యండి అని ఏడుస్తుందట. రోజుకి మూడాటలు. చూసేవాళ్లని వీధి గుమ్మం దగ్గర నిలబెట్టి, "ఈ గుమ్మం దాటిన దగ్గర్నుంచి మీరు చూసేదంతా నాటకమే. మెట్లు, గోడలు, కనబడే మనుషులు, అన్నీ" అని చెప్పి లోపలికి పంపేవాడు ట్రిస్ట్రమ్. వాళ్లు మెట్ల మీద బారుగా కూర్చుని పిజ్జాలు తినేవాళ్లు. సంచితో పైకెక్కే నెట్టాని చూసి ఒకావిడ పక్కావిణ్ణి మోచేత్తో పొడిచి, "ఎంత సహజంగా చేస్తోందో చూడు" అంది. నెట్టా ఆవిడ పిజ్జా మీదుగా కాలేసి మరీ ఎక్కింది.

మూడు పూటలా ఆ బాదుడు మేడంతా వినిపించేది. ధన్, ధన్, ధన్. నెట్టా చెవుల్లో మైనం ఉండలు పెట్టుకుని టీ కాచుకునేది.

రెండో వారం వంతు ఈసాది. నెట్టా అట్ట తీసుకెళ్లి ఆవిడ పిడికి తగిలించి, తలుపు తట్టకుండా వచ్చేసింది. శనివారం పొద్దున్న ఈసా కడగాలి. నెట్టా ఆ రోజు చెల్లెల్ని చూడ్డానికి లీత్ వెళ్లి సాయంత్రం తిరిగొచ్చింది. వస్తూనే వీధి గుమ్మంలో కాలికి బీరు డబ్బా తగిలింది. మొదటి మలుపులో ఎవడో కక్కిన కక్కు ఎండిపోయి ఉంది. దాని మీదో కరపత్రం పరిచి పోయాడు పుణ్యాత్ముడు. మెట్లకి ఒక్క నీటిచుక్క తగల్లేదు. రెండో అంతస్తుకి వచ్చి చూస్తే అట్ట ఈసా తలుపుకి అలాగే వేలాడుతోంది.

"ఓహో! ఇదా కథ!" అనుకుంది నెట్టా. జూన్‌లో తను చేసినదానికి కక్ష. నా వంతు కడుగుతావా, అయితే చూసుకో, అసలు కడగనే కడగను అని. అది కూడా ఆగస్టులో, ఈ కక్కుల కాలంలో! ఆవిడ మొహం జేవురించింది. తలుపు తడదామా అనుకుంది. తట్టడమంటే అడగడమే. అడిగాక ఆవిడ అనే మాట పడాలి. పోనీ బకెట్టు తెచ్చి తనే కడిగేద్దామంటే, జోలికి రావద్దందిగా!

అలా నించుని ఉండగానే ధన్ మని చప్పుడైంది. ఆగి మళ్లీ ధన్, ధన్. ఎదురింట్లో సాయంత్రం ఆట నడుస్తోంది. గొళ్లెం పెట్టిన తలుపు అవతల నుంచి ఆ పిల్ల ఏడుపు వినిపిస్తూనే ఉంది.

"ఛీ! మీ చేతులు పడిపోనూ! పొద్దస్తమానం ఇదే బాదుడా!" అని గట్టిగా తిట్టి నెట్టా విసవిసా మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం పాలకని బయల్దేరింది. హై స్ట్రీట్ చివర ట్రిస్ట్రమ్ బృందమంతా రోడ్డు మీద శవాల్లా పడుకుని ఉంది. మొహాలకి సున్నం, కళ్ల కింద మసి. దాటిపోయే జనానికి పడుకునే కరపత్రాలు అందిస్తున్నారు. "తిండి అరక్క" అని నెట్టా వాళ్లని దాటుకుని పాలు కొనుక్కుని తిరిగొచ్చింది. రెండో అంతస్తు ఎక్కుతుండగా వినిపించింది. ధన్. చాలాసేపాగి, మెల్లగా, ఇంకోటి.

నెట్టా కాలు మెట్టు మీదే ఆగింది. వాళ్లంతా రోడ్డు మీద ఉన్నారు. ఎదురింటికి తాళం ఉంది. మరి ఎవరు బాదుతున్నారు?

ఎలా ఎక్కిందో, మేకు మీంచి తాళంచెవి ఎలా లాగిందో, మళ్లీ ఎలా దిగిందో ఆవిడకే తెలీదు. తలుపు తోస్తే సగం తెరుచుకుని ఆగింది. సందులోంచి ఒళ్లు దూర్చింది. ఈసా నడవలో గోడవారగా పడి ఉంది. ఒక కాలు పక్కకి వంకరగా తిరిగిపోయింది. బకెట్టు బోర్లా పడి, నీళ్లు ఎప్పుడో ఇంకిపోయాయి. చేతిలో మెట్లు తోమే చీపురు కర్ర. దాని మొనతోనే తలుపు కింది చెక్క మీద కొడుతూ ఉంది. చెక్క మీద రంగు లేచిపోయింది. రాత్రంతా లేవలేక పడి ఉన్న మనిషి దగ్గర ఏ వాసన వస్తుందో ఆ వాసనే వస్తోంది, ఆసుపత్రి దుప్పట్ల వాసన. నెట్టాకి అది అసహ్యమనిపించలేదు. మోకాళ్ల మీద కూలబడి, తడిబట్టతో ఆవిడ పెదాలు తడిపింది.

"మెట్లు..." అంది ఈసా. గొంతు పూర్తిగా పోయింది. "కడుగుదామని బకెట్టు పట్టుకున్నానండీ..."

"మెట్లు తగలబడనీ! మాట్లాడకండి."

అంబులెన్సు పిలిస్తే హై స్ట్రీట్ మీద జనంలో ఇరుక్కుంది. కత్తులవాడి చుట్టూ గుంపు కదిలితేగా! చివరికి ఆ మనుషులు మోత కుర్చీ భుజాన వేసుకుని నడిచి వచ్చారు. ఈలోగా రెండో ఆట వేళైంది. ట్రిస్ట్రమ్ రోజూలాగే గుమ్మం దగ్గర తన నాలుగు ముక్కలూ చెప్పి జనాన్ని లోపలికి వదిలేశాడు. ఈసాని కుర్చీలో కట్టి బయటికి తెచ్చేసరికి మెట్ల నిండా మనుషులు. గోడకి ఒత్తుకుని దారిచ్చారు. దారిచ్చి, నిశ్శబ్దంగా కళ్లార్పకుండా చూశారు. ఈసా ఆ బీరు డబ్బాల్నీ, ఎండిన కక్కునీ, తన పిడికి వేలాడే అట్టనీ చూసింది. ఇంతమందిలో తన వంతు మెట్లు ఇలా ఉన్నాయని ఆవిడకి సిగ్గుతో చచ్చినంత పనైంది. దుప్పటి మొహం మీదికి లాక్కుంది.

అంతే, చప్పట్లు మొదలయ్యాయి. మొదట ఒకరు, తర్వాత అందరూ. ఒకావిడ కళ్లు తుడుచుకుంటూ చరిచింది.

ట్రిస్ట్రమ్ పైకి పరిగెత్తుకొచ్చాడు. సున్నం కింద మొహం పాలిపోయింది.

"నిజంగానే పడిపోయారా? అమ్మో... నిన్నటి నుంచి తలుపవతల నుంచి చప్పుడు వస్తోందండీ. మా పిల్ల బాదగానే అటు నుంచి కూడా... చూసినవాళ్లు ఒళ్లు జలదరించిందన్నారు. పాత మేడ కదా, గోడల్లోంచి తిరిగి మా చప్పుడే వినిపిస్తోందనుకున్నాం. మా నాటకమే అనుకున్నామండీ."

"అనుకున్నారా!" నెట్టా వాడి శాలువా పట్టుకుని లాగింది. "ముసలి ప్రాణం రెండు రోజులు కర్ర పెట్టి కొట్టుకుంటుంటే నాటకమనుకున్నారా? నువ్వు మనిషివేనా? మనిషి పుట్టుక పుట్టినవాడెవడైనా అలా అనుకుంటాడురా, రోతవెధవా?"

వాడు ఏడ్చాడు. వాడి వెనక ఒకడు ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. నెట్టా వాడి చేతి మీద ఒక్కటి వేసి, మెట్ల మీద అందరికీ వినబడేలా ఉమ్మేసి, కుర్చీ వెంట దిగి పోయింది. తన మేడ మెట్ల మీద తను ఉమ్మడం ఆవిడ జన్మలో అదే మొదలు.

ఆసుపత్రిలో తుంటి విరిగిందన్నారు. ఆపరేషన్ చెయ్యాలి, ఈ వయసులో ఏమీ చెప్పలేమన్నారు. ఆ రాత్రంతా నీళ్లెక్కించారు. పొద్దున్న నెట్టా వెళ్లేసరికి ఈసా దిండ్లకి ఆనుకుని ఉంది. మొహం కాస్త తేటపడింది. నెట్టా కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ లండన్ మందని మొదలు నుంచి చివర దాకా ఏకరువు పెట్టింది. చప్పట్లు కొట్టినవాళ్లని, వీడియో తీసినవాణ్ణి, శాలువావాణ్ణి, ఒక్కణ్ణీ వదల్లేదు. "నాటకమనుకున్నారట! సిగ్గూ శరమూ లేని జన్మలు! వాళ్ల చెవుల్లో సీసం పొయ్య!"

ఈసా అంతా విన్నది. విని, కిటికీ వంక చూస్తూ నెమ్మదిగా అంది.

"వాళ్లకి నేనెవరు లెండి మిసెస్ లోరిమర్. దారిన పోయేవాళ్లు." నెట్టా వైపు తిరిగింది. "శనివారం సాయంత్రం మీరు నా తలుపు ముందు నించున్నారు. మీ అడుగు నాకు తెలీదా ఏం, ఇన్నేళ్లుగా వింటున్నాను. అమ్మయ్య, మిసెస్ లోరిమర్ వచ్చిందని ఉన్న బలమంతా కూడదీసుకుని కొట్టాను. మీరేదో తిట్టి పైకి వెళ్లిపోయారు."

నెట్టా చేతులు ఒళ్లో అలాగే ఉండిపోయాయి.

"జూన్‌లో నేనన్న మాటలకి మీకింకా అంత కోపం ఉందనుకోలేదు" అంది ఈసా. "ఉందా?"

నెట్టా దగ్గర నిజమైన జవాబు ఒకటే ఉంది. అది ఆ కుర్రాడు మెట్ల మీద చెప్పిన మాటే, ఇంతసేపూ తను దుమ్మెత్తిపోసిన మాటే, నాటకమనుకున్నానని. రెండు తలుపుల మధ్య నించుని, ఏ తలుపు అవతల నుంచి చప్పుడు వస్తోందో తల తిప్పి చూడకుండా తనూ అదే అనుకుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని వాంతిలా వెనక్కి మింగేసింది.

"ఉందండీ" అంది నెట్టా. "కోపంతోనే వెళ్లిపోయాను."

ఈసా తల గోడవైపు తిప్పుకుంది. "అయితే ఇంక మీరు ఇంటికి వెళ్లండి మిసెస్ లోరిమర్" అంది.

నెట్టా లేచింది. తనంటే తనకి అంత రోత ఆవిడకి ఎన్నడూ పుట్టలేదు. కోటు తొడుక్కుంది, ఒక్క బొత్తామూ పెట్టుకోకుండా నడిచి వచ్చేసింది.